రెండు పాటల నడుమ సంధి

సంగీతం వినే పద్ధతులు తరతరానికీ మారుతూ వచ్చాయి. నేడు విజయవాడ వన్ టౌన్‌లో పంజా సెంటరు నుండి కాళేశ్వరరావు మార్కెట్టు వైపు నడిచే విద్యార్థులు మొబైల్ ఫోనులో పాటలు వింటూ కనిపిస్తారు. ఆ ఫోనులో ఒక పాట సన్నగిల్లుతూ ఉండగానే మరొకటి మెల్లగా పైకి లేస్తుంది. నడుమ నిశ్శబ్దమన్నది ఉండదు. ఈ ప్రక్రియను క్రాస్‌ఫేడ్ అంటారు. ఇది ఎట్లా జరుగుతున్నది, దీని వలన మనకు ఒనగూడేదేమి, మనం కోల్పోయేదేమి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ ప్రక్రియ ఫోనుతో పుట్టినది కాదు. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి గ్రామఫోను రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. కావున రేడియో స్టూడియోలలో రెండు రికార్డు యంత్రాలను పక్కపక్కన ఉంచి, ఒకదాని ధ్వనిని చేతితో తగ్గిస్తూ రెండవదాని ధ్వనిని పెంచడం పరిపాటి. ఆ చేతిపని నేడు గణితంగా మారి ఫోనులో చేరినది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారతదేశానికి వచ్చినది. అందులో ఈ సంధికాలాన్ని 12 సెకన్ల వరకు పెట్టుకొనవచ్చును. ఐఫోనులోని ఆపిల్ మ్యూజిక్‌కు ఈ సౌకర్యం 2023లో ఐఓఎస్ 17తో కలిగినది.

ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుంది. సి.డి. ప్రమాణంలో ఒక్కొక్క చెవికి సెకనుకు 44,100 అంకెలు. మొదటి పాట ముగియక పూర్వమే యాప్ రెండవ పాట ఆరంభాన్ని తెచ్చి సిద్ధంగా ఉంచుకొంటుంది. సంధికాలంలో మొదటి పాట అంకెలను 1 నుండి 0కు తగ్గే గుణకంతోను, రెండవ పాట అంకెలను 0 నుండి 1కి పెరిగే గుణకంతోను గుణించి, రెండింటిని కూడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కృష్ణ నీటిని ఏలూరు కాలువకు సగం, బందరు కాలువకు సగం వదిలినా మొత్తం నీరు మారదు. ధ్వని లెక్క అటువంటిది కాదు. ధ్వని శక్తి కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సంబంధం లేని రెండు పాటలకు చెరొక 0.5 గుణకం పెడితే, శక్తులు 0.25, 0.25, మొత్తం 0.5 మాత్రమే. అనగా సంధి మధ్యలో ధ్వని 3 డెసిబెల్లు కుంగుతుంది. దీనిని నివారించడానికి మధ్యబిందువు వద్ద చెరొక 0.707 ఉండేటట్లు సైన్, కొసైన్ వక్రరేఖలను వాడుతారు. సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిపితే ఒకటి అని త్రికోణమితిలో మనం కంఠస్థం చేసిన సూత్రమే ఇక్కడ ధ్వనిని నిలబెడుతున్నది.

పెండ్లి ఊరేగింపులోను, వ్యాయామ సమయంలోను, వార్షికోత్సవ వేడుకలలోను ఈ సౌకర్యం మెచ్చదగినదే. ఉత్సాహం తెగదు. కాని ప్రతి పాటకూ ఇది తగినది కాదు.

తెలుగు వ్యాకరణంలో 'వాడు', 'ఎవడు' కలిసి 'వాడెవడు' అయినప్పుడు లోపించేది మొదటి పదం చివరి అచ్చు. క్రాస్‌ఫేడ్‌లోనూ పూర్వగీతం చివరకే నష్టం ఎక్కువ. మన కవులు తమ పేరును నిలిపేది తరచుగా ఆ చివరనే. ఉర్దూ గజల్‌లో కవి తఖల్లుస్ గల చివరి షేర్‌ను మక్తా అంటారు. మీర్, గాలిబ్ అని లోకం పిలిచే పేర్లు ఆ తఖల్లుస్‌లే. త్యాగరాజ కీర్తనలలోనూ ముద్ర సాధారణంగా చివరి చరణంలో వచ్చి, పిదప పల్లవి పునరావృత్తితో గానం సమాప్తమవుతుంది. విలంబంగా పాడే గజల్‌లో 12 సెకన్లంటే ఇంచుమించు ఒక పాదం. ఆ వేళకు మరొక పాట వాద్యఘోష పైన పడితే, కవి చేవ్రాలు పెట్టబోయే క్షణంలో కాగితాన్ని లాగుకొన్నట్లు అవుతుంది. పైగా రెండు పాటల శ్రుతులు వేరైనచో ఆ కొద్దిసేపూ వినిపించేది అపశ్రుతియే.

ఒకే కచేరీని భాగాలుగా విడగొట్టిన రికార్డులకు గ్యాప్‌లెస్ అనే వేరొక సౌకర్యం ఉన్నది. అది రెండు భాగాలను ఒకదానిపై ఒకటి పరచక, విరామం మాత్రమే తొలగించి కలుపుతుంది. ఈ రెండింటి భేదాన్ని మనం గ్రహించవలెను.

యంత్రానికి పాట ఎక్కడ ముగిసినదో తెలుసును. కవి ఎక్కడ ముగించాడో తెలియదు. అది తెలియవలసినది వినేవానికే. గజల్ గాని, కీర్తన గాని వినబోయే ముందు సెట్టింగులలో ఆ సెకన్ల అంకెను సున్నకు తేవడం క్షణకాలపు పని. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఒకే ప్రాంగణంలో అభ్యసించే మన విద్యార్థులు రెండు భాషల కవులకూ ఈపాటి మర్యాద చేయగలరని ఆశిద్దాం.