అదనెరిగినవాడు – అవకాశవాది

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు అనంతపురము పీఠభూమిలోని రైతు చూపు ఆకాశము మీదనే యుండును. ఈ ప్రాంతమున సాలీనా కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఒక తీరున కురియదు. ఎర్రనేలలో వాన పడిన పిమ్మట విత్తుటకు తగిన తడి కొలది దినములే నిలుచును. ఆ దినములలో గొర్రు కట్టియో, ట్రాక్టరు తెచ్చియో వేరుసెనగ విత్తినవానికి మొలక దక్కును. విత్తనమునకై, అప్పునకై తిరుగుచు జాగు చేసినవాడు మరల వాన కొరకు ఎదురుచూడవలసినదే. ఆ తగిన తడిని రైతులు పదును అందురు. తగిన కాలమును అదను అందురు. కత్తికి గల వాడికిని పదును అనియే పేరు.

ఇట్లు అందరికంటె ముందు విత్తినవానిని ఊరిలో ఎవ్వరును అవకాశవాది యనరు, అదనెరిగినవాడు అందురు. రెండు మాటలును తరుణమును జారవిడువనివానినే చెప్పుచున్నవి గదా, ఒకటి మెప్పు, ఒకటి తిట్టు ఎట్లయినవి? ఇది పండితులు మాత్రమే తేల్చుకొనవలసిన విషయము కాదు. పంచాయతీ ఎన్నికలలో, సహకార సంఘములలో, రచ్చబండ కడ ఇట్టి మాటలు తీర్పులవలె పనిచేయుచుండును. ఒకసారి మీదపడిన మాటను వదిలించుకొనుట కష్టము.

అవకాశము అను సంస్కృత పదమునకు చోటు, ఎడము అని అర్థము. దానికి వాది చేరి, ఏ సిద్ధాంతమును నమ్మక దొరికిన చోటునే నమ్ముకొన్నవాడు అను నిందార్థము రాజకీయముల వాడుకలో స్థిరపడినది. ఆ మాట రాకమునుపు మన పల్లెలకు మాటలు లేకపోలేదు. ఏ ఎండకా గొడుగు పట్టువాడనియు, గోడమీది పిల్లి యనియు అనుచునే యున్నారు. మెచ్చుకొనుటకును అచ్చతెనుగు మాటలు కలవు. చొరవ అనునది చొరు అను క్రియ నుండి వచ్చినది. ఇతరులు వాకిట నిలిచి యోచించుచుండగా లోపలికి అడుగుపెట్టుటయే చొరవ. తెగువలో తెగుట యున్నది. ఉద్యోగము అను మాట గతి వేరు. భారతములోని ఉద్యోగపర్వమున దానికి ప్రయత్నము, పూనిక అని అర్థము. నేడు ఉద్యోగి యనగా నెల జీతము పుచ్చుకొనువాడు. ఈ మార్పునకు మేము చేయగలిగినది లేదు, నవ్వుకొనుట తప్ప.

ఈ సీమ చరిత్రలో తరుణము చూచి పైకి వచ్చినవారికి కొదువ లేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగర సైన్యము ఓడిన పిమ్మట రాజధాని పెనుకొండకు తరలివచ్చినది. కేంద్రాధికారము సడలినకొలదియు పాళెగాండ్రు బలపడిరి. 18వ శతాబ్దమున గుత్తి దుర్గము మురారిరావు ఘోర్పడే అను మరాఠా సర్దారు చేతిలో నుండెను. కర్ణాటక యుద్ధములలో ఆయన సేన ఒకే పక్షమున నిలువలేదు. 1751లో ఆర్కాటు కోటలో ముట్టడింపబడిన క్లైవునకు తోడ్పడుటకై కదలినదియు ఆ సేనయే. 1776లో హైదరాలీ గుత్తిని పట్టుకొని మురారిరావును బందీ చేసెను. ఈయనను సాహసి యందుమా, సమయజ్ఞు డందుమా, అవకాశవాది యందుమా? కోటలోనివారు ఒక మాట చెప్పియుందురు. దండు నడిచిపోయిన దారిలోని పల్లెలవారు వేరొక మాట చెప్పియుందురు. మేము పల్లెల మాటనే ముందు వినగోరుదుము.

కరవు కాలమున ఈ ప్రశ్న మరింత దగ్గరకు వచ్చును. 1876–78 నాటి మహాక్షామము బళ్లారి జిల్లాను పీడించినప్పుడు అనంతపురము ఆ జిల్లాలోనిదే. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. కరవు ఎప్పుడు వచ్చినను మేత లేక పశువులను సంతకు తోలుదురు. అగ్గువకు కొనువాడు అక్కడ సిద్ధముగా నుండును. ఇల్లు కాలుచుండగా బొగ్గులేరుకొన్నట్లు అను సామెత ఇట్టివానికే తగును. అయితే తన వామిలో మేత యున్నందున న్యాయమైన వెలకు కొని, ఎద్దులను బ్రదికించి, వానలు పడినప్పుడు అదే వెలకు తిరిగి ఇచ్చువానిని కూడ ఆ సామెతతోనే కొట్టుట తగదు. ఇద్దరును ఒకే సంతలో, ఒకే దినమున తరుణము చూచినవారే. ఒకని లాభము ఎదుటివాని నష్టములో నుండి పుట్టినది, రెండవవానిది కాదు. మాట నోటికి వచ్చుటకు ముందు ఈ సంగతి విచారింపవలెనని మా మనవి.

దీనికి విపర్యయముగా నిర్దోషులపై పడు మాటలును కలవు. బిందుసేద్యము వేసి, చీనీ చెట్లు పెట్టిన యువకుని బోరు ఎండిపోయినచో ఆశపోతు అని నవ్వుదురు. చెట్లు కాపునకు వచ్చినచో దూరదృష్టి గలవాడని అతనినే పొగడుదురు. అతడు చేసిన పని రెండు విధములను ఒక్కటే. మారినది భూమిలోని నీరు.

స్త్రీల విషయమున ఈ అన్యాయము ఇంకను హెచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక సంస్థల స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. ఆఫీసునకు వెళ్లి కాగితము కదిలించి ఊరికి నీళ్ల ట్యాంకు తెచ్చిన సర్పంచి పురుషుడైనచో చొరవ గలవాడు. ఆమెయే ఆ పని చేసినచో గడుసుది అందురు. ట్యాంకు నీరు మాత్రము అందరి బిందెలలోను సమానముగనే పడుచున్నది.