ఎండలో మనిషి బొమ్మ వేయడం ఎలా?



డ్రాయింగ్ షీటు మీద కొండ, చెట్టు, పొలం బాగానే వేస్తాం. మధ్యలో ఒక మనిషిని నిలబెట్టగానే కత్తిరించి అతికించినట్లు ఉంటుంది. ఎందుకు? చెట్టు మీద పడిన ఎండను మనిషి మీద వేయడం మరచిపోతాం. ఇద్దరికీ వెలుగు ఒక్కటే కావాలి.

ముందు వేళ చూసుకోవాలి. మన వడమాలపేట చుట్టుపక్కల మామిడితోటలకు కొదవలేదు. ఉదయం 9 లోపు, లేదా సాయంత్రం 4 తర్వాత తోట అంచున కూర్చోండి. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి చేరుతుంది. కంటిగుంటలు నల్లబడి ముఖం తెలియదు. ఎండ జరిగిపోతూ ఉంటుంది కాబట్టి నీడలను మొదటే పెన్సిలుతో గుర్తుపెట్టి, మళ్లీ మార్చకండి.

తర్వాత మీ కంటిమట్టానికి ఒక అడ్డగీత గీయండి. చదునైన నేల మీద ఆ గీత దగ్గరి మనిషికి నడుము దగ్గర పోతే, అంతే ఎత్తున్న దూరపు మనిషికీ అక్కడే పోవాలి.

ఇక కళ్లు సగం మూసి చూడండి. వెలుగు, నడిమి ఛాయ, నీడ - మూడే కనిపిస్తాయి. వాటర్ కలర్ అయితే బాగా మెరిసేచోట కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. నీడకు ఉత్త నలుపు పూయకండి. ఆకాశపు వెలుగు పడి అందులో నీలం ఉంటుంది. ఎర్రనేల నుంచి తిరిగొచ్చే వెలుగు గడ్డం కింద, చేతుల అడుగున ఎర్రగా తగులుతుంది.

ముఖ్యమైన మాట ఒకటుంది. 'చర్మం రంగు' అని లేత గులాబీ పూసేస్తుంటాం. మన అమ్మానాన్నల ఒంటిరంగు అదేనా? ఎరుపు, పసుపు, కొంచెం నీలం కలిపితే చామనఛాయ వస్తుంది. నీలం పెంచితే ఇంకా ముదురుతుంది. నల్లని ఒంటి మీద నుదుటి దగ్గర, భుజం దగ్గర ఎండ మెరుపు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, గోదావరి ప్రాంతాన్నీ తెలుగు మనుషులనూ చిత్రించాడు. 28 ఏళ్లు నిండకముందే కన్నుమూశాడు. రాజమండ్రిలో ఆయన పేరున చిత్రశాల ఉంది. ఫ్రాన్సులో మోనే 1890-91లో గడ్డివాములనే వేర్వేరు వేళల్లో మళ్లీ మళ్లీ వేశాడు. వేళ మారితే రంగు మారుతుందని వాటిని చూస్తే తెలుస్తుంది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, చేనిలో పనిచేసే అమ్మ బొమ్మ వేయండి. ఆమె రంగులోనే, ఆమె మీద పడిన ఎండతోనే వేయండి.