ఇంటి మాట ఇంట్లోనే: సొంత కంప్యూటర్‌లో ఒక మున్షీ

పూర్వం మన పాలమూరు పట్టణాల్లో ఉత్తరం రాయించుకోవాలన్నా, కచేరీకి అర్జీ పెట్టుకోవాలన్నా మున్షీ గారి అరుగు మీద కూర్చోవలసి వచ్చేది. బొంబాయికి పనికి వెళ్ళిన కొడుకు సంగతి, కూతురి సంబంధం సంగతి, అన్నదమ్ముల మధ్య గోడ తగాదా అన్నీ ఆయన చెవిన పడేవి. ఆయన దస్తూరీ ఎంత చక్కనిది అన్నదాని కన్నా, ఆయన నోరు ఎంత గట్టిది అన్నది జనం ముందుగా చూసేవారు. ఒకరి ఇంటి మాట మరొకరి దగ్గర ఉంచితే అది అమానతు. దాన్ని కాపాడేవాడే మంచి మున్షీ.

నేడు ఆ పని యంత్రాల చేతికి వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత, అడిగినదానికి మనిషిలాగా జవాబు రాసే భాషా మోడళ్ల పేరు ఇంటింటా వినిపిస్తోంది. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా కాలేజీకి వెళ్ళే పిల్లలు సెలవు చీటీ మొదలు ఉద్యోగ దరఖాస్తు దాకా ఫోనులో దానిచేతనే రాయించుకుంటున్నారు. అయితే ఆ ఫోనులో మనం టైపు చేసే ప్రతి మాటా ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకు వెళ్ళి, అక్కడి నుంచి జవాబై తిరిగి వస్తుందన్న సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? అబ్బాజాన్ వైద్య పరీక్షల కాగితం, ఆస్తి పంపకం, ఇంట్లో కలతలు, ఇవన్నీ ఇల్లు దాటి పోతున్నాయి.

మరి మన ఇంట్లోనే కూర్చుని, మన మాట మన గడప దాటనివ్వని మున్షీ దొరుకుతాడా? దొరుకుతాడు. ఆయన గుణమేమిటో, దోషమేమిటో తెలుసుకుని పనిలో పెట్టుకోవాలి.

కంసాలి త్రాసు, అడితి త్రాసు

భాషా మోడల్ అంటే అంకెల మూట. కోట్లాది పుటలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్క కట్టడం దానికి నేర్పుతారు. ఆ నేర్పంతా అంకెల రూపంలో ఉంటుంది. వాటిని ఆ శాస్త్రంలో బరువులు అంటారు. కొన్ని కంపెనీలు ఈ అంకెలను దాచుకుంటాయి. కొన్ని మాత్రం ఎవరైనా దించుకుని వాడుకోవచ్చునని బయట పెడతాయి. వీటినే ఓపెన్ మోడళ్లు అంటున్నారు. మెటా కంపెనీ 'లామా', ఫ్రాన్సు వారి 'మిస్ట్రల్', గూగుల్ వారి 'జెమ్మా', చైనాలోని అలీబాబా వారి 'క్వెన్' ఈ కోవలోవి.

చిక్కంతా పరిమాణంతోనే. 800 కోట్ల అంకెలున్న మోడల్ ఈ రోజుల్లో చిన్నదిగానే లెక్క. ఒక్కొక్క అంకెను 16 బిట్లలో రాస్తే మొత్తం 16 జీబీ అవుతుంది. మన ఇళ్లలోని మామూలు కంప్యూటర్ల ర్యామ్ 8 జీబీ, మహా అయితే 16 జీబీ. ఆ మూట ఈ గదిలో పట్టదు.

ఇక్కడే కుదింపు అనే ఉపాయం వచ్చింది. దీని పేరు క్వాంటైజేషన్. కంసాలి త్రాసు గురిగింజ ఎత్తు తేడాను కూడా పట్టుకుంటుంది. కట్టెల అడితిలోని త్రాసు ఆ తేడాను లెక్క చేయదు. అయినా వంటకు కట్టెలు కొనడానికి అదే చాలు. 16 బిట్లలో ఒక అంకెను 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంచవచ్చు. 4 బిట్లయితే మెట్లు 16 మాత్రమే. ప్రతి అంకెనూ దానికి దగ్గరి మెట్టుకు సర్దుతారు. కొన్ని అంకెలను ఒక గుంపుగా కట్టి, ఆ గుంపుకు తగిన కొలత విడిగా రాసి పెట్టుకుంటారు. ఈ పద్ధతిలో 16 జీబీ మూట సుమారు 5 జీబీకి దిగుతుంది.

2023 ఫిబ్రవరిలో మెటా కంపెనీ పరిశోధకుల కోసం లామా మోడళ్లను విడుదల చేసింది. మార్చి నెలలోనే బల్గేరియాకు చెందిన గియోర్గి గెర్గానోవ్ అనే ప్రోగ్రామర్ 'లామా.సీపీపీ' అనే ప్రోగ్రాము రాసి, కుదించిన లామాను ఒడిలో పెట్టుకునే కంప్యూటర్ మీద నడిపించి చూపాడు. అంతదాకా ఇటువంటి పనికి లక్షల రూపాయల యంత్రాలు కావాలనే అందరూ అనుకునేవారు. నేడు ఇంట్లో మోడల్ నడిపే ప్రోగ్రాములలో చాలా వాటికి ఆయన రాసినదే పునాది.

గద్వాల చీర చెప్పే పాఠం

గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని పెద్దలు చెప్పుకుంటారు. కుదించిన మోడల్ కూడా అటువంటిదేనా అని మేము ఆలోచించాం. ఒక తేడా ఉంది. అగ్గిపెట్టెలోంచి తీసిన చీర మళ్లీ పూర్తి చీరగానే విచ్చుకుంటుంది. కుదించిన మోడల్ అలా విచ్చుకోదు. సర్దేటప్పుడు రాలిపోయిన వివరం మళ్లీ రాదు.

కానీ గద్వాల నేతలో మరో సూక్ష్మం ఉంది. చీర ఒళ్లంతా నూలుతో నేసి, అంచూ కొంగూ పట్టుతో నేసి, రెంటినీ అతుకు తెలియకుండా కలుపుతారు. ధర అందుబాటులో ఉంటుంది, అందమూ చెడదు. కుదించేవారు కూడా ఇదే పద్ధతి పట్టారు. మోడల్‌లో ఎక్కువ భాగాన్ని 4 బిట్లకు దించి, ముఖ్యమైన కొన్ని భాగాలను 6 బిట్లలో ఉంచుతారు. ఇటువంటి ఫైళ్ల పేరులో 'క్యూ4', 'కె' అనే గుర్తులు కనిపిస్తాయి. ఇంకొక మార్గమూ ఉంది. ముందుగానే మోటు త్రాసుతో తూచబోతున్నామని మోడల్‌కు తెలియజేసినట్లుగా, ఆ కుదింపును దృష్టిలో పెట్టుకునే శిక్షణ ఇవ్వడం. గూగుల్ 2025 ఏప్రిల్‌లో జెమ్మా 3 మోడళ్లను ఈ విధంగా విడుదల చేసింది. 400 కోట్ల అంకెల మోడల్ 8 జీబీ నుంచి 2.6 జీబీకి, 1,200 కోట్లది 24 జీబీ నుంచి 6.6 జీబీకి దిగాయి.

నష్టం అందరికీ సమానం కాదు

మన కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఇది. కుదింపు వల్ల కలిగే నష్టం అన్ని భాషల మీదా ఒకే విధంగా పడదు. 2024లో కోహియర్ కంపెనీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఇంగ్లీషు వంటి రోమన్ లిపి భాషల కన్నా ఇతర లిపుల భాషలే ఎక్కువ దెబ్బ తింటున్నాయని తేల్చారు. కంప్యూటర్ వేసే మార్కులలో స్వల్పంగా కనిపించే నష్టం, మనుషులు చదివి చూసినప్పుడు చాలా ఎక్కువగా తేలిందని కూడా వారు చెప్పారు. లెక్కల వంటి కఠినమైన పనులు అన్నిటికన్నా ముందు చెడతాయట.

కారణం ఊహించడం కష్టం కాదు. మోడళ్లు చదివిన పుటలలో ఇంగ్లీషుదే సింహభాగం. తెలుగు, ఉర్దూ పాలు పిడికెడు. పునాది పలచగా ఉన్న గోడ చిన్న అదురుకే బీటలు వారుతుంది. పైగా మోడల్ మాటలను ముక్కలు చేసుకుని చదువుతుంది. ఇంగ్లీషు మాట తరచు ఒకటి రెండు ముక్కలతో సరిపోతే, తెలుగు మాట అనేక ముక్కలవుతుంది. ఒక్కొక్క ముక్క రాయడానికి యంత్రం మొత్తం మూటను ఒకసారి తిరగేయాలి. సెకనుకు 20 జీబీ చదవగల ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో 5 జీబీ మోడల్ సెకనుకు నాలుగు ముక్కలే రాయగలదు. అంటే ఇంగ్లీషు జవాబు చదువుతున్నంత వేగంగా వస్తే, తెలుగు జవాబు పలక మీద పిల్లవాడు దిద్దినంత నెమ్మదిగా వస్తుంది.

ఈ లోటు తీర్చడానికి మనవాళ్లు ఊరుకుని కూర్చోలేదు. 2024లో రామ్‌శ్రీ గౌతమ్ గొల్ల, రవితేజ దేశెట్టి 'తెలుగు ఎల్ఎల్ఎం ల్యాబ్స్' పేరిట జెమ్మా మోడల్‌కు మన భాషలలో శిక్షణ ఇచ్చి 'నవరస' అనే మోడల్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేశారు. దాని రెండవ రూపంలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా చేరి, మొత్తం 15 భారతీయ భాషలయ్యాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ, ట్రిపుల్ ఐటీ, ఓజోన్‌టెల్ కలిసి 'చందమామ కథలు' అనే చిన్న తెలుగు కథల మోడల్ తయారు చేశాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు పాత కథల పుటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆ పనిలో పాలు పంచుకున్నారు.

రహన్ అన్న ఒక్క మాట

ఈ మధ్య వనపర్తిలో ఒక ఇంట మేము చూసిన సంగతి చెబుతాం. ఇంటి పెద్ద చదివింది ఉర్దూ. మనవరాలు చదివింది తెలుగు, ఇంగ్లీషు. నిజాం కాలంలో రెవెన్యూ కాగితాలు ఉర్దూలోనే నడిచేవి కనుక ఆ ఇంటి పాత దస్తావేజులూ ఉర్దూలోనే ఉన్నాయి. దాదా చదివి చెబుతుంటే అమ్మాయి టైపు చేసి, ఇంటి కంప్యూటర్‌లోని చిన్న మోడల్ చేత తెలుగు చేయిస్తోంది. కాగితంలో 'రహన్ బా ఖబ్జా' అని ఉంది. మోడల్ 'స్వాధీనం చేసి అమ్మినది' అని రాసింది. వాక్యం నున్నగా ఉంది, వ్యాకరణ దోషం లేదు.

దాదా వెంటనే పట్టుకున్నారు. "బేటీ, రహన్ అంటే అమ్మకం కాదు, తనఖా. బాకీ తీరితే భూమి మళ్లీ మనదే" అన్నారు.

"కానీ దాదా, ఇది ఎంత ధీమాగా రాసిందో చూడండి" అంది ఆ అమ్మాయి.

"ధీమాకు దలీల్ అవసరం లేదమ్మా" అని నవ్వారాయన.

ఒక్క మాట తేడాతో తనఖా భూమి అమ్ముడుపోయిన భూమి అయ్యేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే గుణం ఈ యంత్రానికి పుట్టుకతో ఉంది. పెద్ద మోడళ్లలోనూ ఉంది, చిన్నవాటిని ఎక్కువగా కుదిస్తే మరింత పెరుగుతుంది. ఆ రోజు కాగితం కాపాడింది యంత్రం పక్కన కూర్చున్న మనిషి. ఇళ్లలో ఉర్దూ చదవగల పెద్దలు తగ్గిపోతున్న ఈ కాలంలో, వారు ఉండగానే పాత కాగితాలు టైపు చేయించి, వారి కళ్ల ముందే సరి చూపించుకోవడం తెలివైన పని.

మున్షీ వేరు, ఆలిం వేరు

ఇంటి మోడల్ చేత ఏ పని చేయించవచ్చు? అర్జీకి చిత్తు ప్రతి రాయించవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చిన ఇంగ్లీషు కాంట్రాక్టు సారాంశం చెప్పించుకుని, తర్వాత తెలిసినవారికి చూపించవచ్చు. పిల్లల చేత పాఠం మీద ప్రశ్నలు తయారు చేయించవచ్చు. అచ్చంపేట దాటి నల్లమల లోపలి ఊళ్లకు వెళితే సిగ్నల్ సరిగా అందదు. అటువంటి చోట కూడా ఒకసారి దించుకున్న మోడల్ నెట్ లేకుండానే పని చేస్తుంది.

ఏ పని చేయించరాదు? మందుల మోతాదు దానిని అడగరాదు. కోర్టు విషయంలో దాని మాటే చివరి మాట అనుకోరాదు. దీనీ మసాయిల్ అసలే అడగరాదు. అడిగితే లేని హదీసును ఉన్నట్లుగా, గ్రంథం పేరు, సంఖ్యతో సహా పుట్టించగలదు. మన ముహద్దిసులు ఒక మాట చెవిన పడితే ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నారు, ఆయన నమ్మదగినవాడేనా అని గొలుసు గొలుసుగా పరిశీలించేవారు. ఈ యంత్రపు మాటకు అటువంటి సనద్ లేదు. అది ఏ పుటలో చదివిందో అది కూడా చెప్పలేదు.

మొదలు పెట్టేవారికి

ర్యామ్ 8 జీబీ ఉంటే 400 కోట్ల అంకెల మోడల్‌ను 4 బిట్ల రూపంలో, 16 జీబీ ఉంటే 800 కోట్లదాన్ని తీసుకోండి. ఫైలు పేరులో 400 కోట్లను '4బి' అని, 800 కోట్లను '8బి' అని రాస్తారు. తెలుగు, ఉర్దూ పనికయితే చోటు ఉన్నంత వరకు 5, 6, 8 బిట్ల ఫైళ్లే మేలు. 3 బిట్ల కన్నా కిందకు దిగవద్దు. 'ఓలామా', 'ఎల్ఎం స్టూడియో' వంటి ప్రోగ్రాములు డబ్బు లేకుండా దొరుకుతాయి. ఫైలు ఒకసారి దించుకుంటే చాలు. వనపర్తి పాలిటెక్నిక్ వంటి చోట చదివే పిల్లలు ఎవరైనా ఒక పూటలో అమర్చి పెట్టగలరు.

ఒక జాగ్రత్త. కొన్ని ప్రోగ్రాములలో ఇంటి మోడళ్లతో పాటు దూరపు కంప్యూటర్లలో నడిచేవి కూడా కలిసి ఉంటాయి. తెలుసుకునే మార్గం తేలిక. నెట్ ఆపి అడిగి చూడండి. అప్పుడూ జవాబు వస్తే ఆ మున్షీ మీ ఇంట్లోనే ఉన్నాడు.

ఇక మీ భాషలో దాని సత్తా ఎంతో ఎవరి మార్కుల పట్టికా చెప్పదు. ఈ శుక్రవారం పిల్లలను కూర్చోబెట్టుకుని, మీకు అర్థం బాగా తెలిసిన పది మాటలు ఎంచుకోండి: హిబా, రహన్, మహర్, వక్ఫ్, కౌలు, పట్టా, ఇటువంటివి. ఒక్కొక్కటి అడిగి, జవాబు పిల్లల చేత చదివించి, తప్పు ఎక్కడుందో వారికి చూపించండి. యంత్రం పరీక్ష అవుతుంది. పెద్దల నోట ఉన్న ఆ మాటలు పిల్లల చెవిన కూడా పడతాయి.