అలసటకు మందు రాజీనామా కాదు

శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే నెల్లూరు తీరంలో మనమంతా మిద్దెలెక్కుతాం. 2019లో అక్కడి నుంచే వెళ్లిన చంద్రయాన్-2కు ప్రాజెక్టు డైరెక్టర్ ముత్తయ్య వనిత, మిషన్ డైరెక్టర్ రీతూ కరిధాల్. 2023లో చంద్రయాన్-3కు అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టర్ కల్పన కాళహస్తి. వీళ్లను చూపించి మన పిల్లలను చదివిస్తున్నాం.

చదువులో అమ్మాయిలు వెనకబడి లేరు. 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో సైన్స్ కోర్సుల్లో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. పరిశోధన ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి మాత్రం మహిళలు అయిదో వంతు కూడా లేరు. దీనికి కారణాలు చాలా. వాటిలో ఒకటి మా ఓపీలో తరచూ కనిపిస్తుంది.

‘ఒకటే నీరసం డాక్టర్ గారూ. ఆఫీసులో మనసు నిలవడం లేదు. మానేద్దామనుకుంటున్నా’... కాన్పయిన ఏడాదికో, రెండేళ్లకో వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఇలా అంటుంటారు. వెంట వచ్చినవాళ్లూ ‘అవును, మానేస్తే సరి’ అంటారు. ఆ మాట అనే ముందు రక్తపరీక్ష చేయించారా?

ముందు ఇవి చూడండి

రక్తహీనత: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి ఉంది. గర్భిణి కాని మహిళకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గకూడదు. ఐరన్ మాత్రలను టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు, సాధారణంగా మరో మూడు నెలలు వాడాలి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే దానికీ చికిత్స తీసుకోవాలి.

థైరాయిడ్: బరువు పెరగడం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, మతిమరుపు ఉంటే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. కాన్పు తర్వాత కొందరిలో ఈ సమస్య కొత్తగా మొదలవుతుంది.

దిగులు: కాన్పయిన రెండు వారాల తర్వాత కూడా ఏడుపు, నిరాశ తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు. చికిత్సతో తగ్గుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నా అలసట తగ్గకపోతే ఇంటి పని లెక్క చూడండి. 2019 జాతీయ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలే. దీనికి నా దగ్గర మాత్ర లేదు. రాత్రి బిడ్డ ఏడిస్తే ఒక పూట నాన్న లేవాలి. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన కోడలిని పగలు చీకటి గదిలో ఏడు గంటలైనా నిద్రపోనివ్వాలి.

చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఇస్తోంది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. అడిగి తీసుకోండి. మధ్యలో ఆగిపోయినవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం ఉంది.

రాజీనామా లేఖ రాసే ముందు ఒక్కసారి డాక్టర్‌ను కలవండి. వచ్చేటప్పుడు భర్తనూ వెంటబెట్టుకుని రండి.