ప్రశ్నకు తాళం ఎందుకు?

పిల్లలూ! పొడుపుకథ వేసేవారు విడుపు కూడా ముందే చెప్పేస్తే ఏమవుతుంది? ఆట చప్పబడిపోతుంది. క్విజ్ పోటీ కూడా అంతే. ముందే తెలిసిన ప్రశ్న ఇక ప్రశ్న కాదు.

అరకులోయలో హైస్కూళ్ళకు క్విజ్ పోటీ జరుగుతున్నదనుకోండి. అనంతగిరి నుంచి, డుంబ్రిగుడ నుంచి, ముంచంగిపుట్టు నుంచి పిల్లలు వచ్చారు. "బొర్రా గుహల కప్పునుంచి వేలాడే రాతి ఊడలు ఎలా ఏర్పడ్డాయి?" అని అడిగారు. ఒక అమ్మాయి ఆలోచించసాగింది: వాననీరు మట్టిలో ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ అనే బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుహలో బొట్టుబొట్టుగా కారేటప్పుడు వాయువు విడిపోయి, కరిగిన సున్నపురాయి మళ్ళీ గట్టిపడి పేరుకుంటుంది.

ఆమె నోరు తెరిచేలోగా పక్క జట్టు కుర్రవాడు గంట కొట్టి, రాత్రి బట్టీపట్టిన జవాబు గడగడా అప్పజెప్పాడు. మార్కులు అతనికే. అతనికి ప్రశ్న ముందే అందిందని సభలో ఎవరికీ తెలియదు. అతనికి కప్పు దక్కింది గాని, కొత్తగా వచ్చిన చదువు ఏమీ లేదు. ఆ అమ్మాయి మాత్రం, "నాకు తెలివి చాలదు కాబోలు" అనుకుంటూ ఇంటికి వెళ్ళింది. అసలు నష్టం అదే.

ఇది వట్టి ఊహ కాదు. 2016 జూలై 9న తెలంగాణలో వైద్యవిద్యలో ప్రవేశానికి ఎంసెట్-2 పరీక్ష జరిగింది. ప్రశ్నలు కొందరికి ముందే చేరాయని పోలీసు దర్యాప్తులో బయటపడింది. పరీక్ష రద్దయింది. ఏ పాపమూ ఎరుగని వేలాది విద్యార్థులు సెప్టెంబరు 11న మళ్ళీ పరీక్ష రాయవలసివచ్చింది.

క్విజ్ పోటీలలోనూ ఇలాంటిది జరిగింది. అమెరికాలో హైస్కూళ్ళకూ కాలేజీలకూ క్విజ్‌లు నడిపే సంస్థ ఒకటి వుంది. హార్వర్డు విశ్వవిద్యాలయం జట్టులోని ఒకరు ఆ సంస్థకు హైస్కూలు ప్రశ్నలు రాసేవారు. ఆ పనికోసం కంప్యూటరులో ఇచ్చిన ప్రవేశంతో, రాబోయే కాలేజీ ప్రశ్నల మొదటి మాటలు కనిపించే పుటలు కూడా ఆయన తెరిచినట్టు తేలింది. వాటిని పోటీలో వాడుకున్నట్టు రుజువు దొరకలేదు. అయినా 2013లో ఆ జట్టు గెలిచిన నాలుగు బిరుదులు రద్దయ్యాయి. ప్రశ్నలు చూచే వీలున్నవారు ఆడి గెలిస్తే, ఆ గెలుపును నమ్మేదెలా?

అందుచేత పోటీ పెట్టే పెద్దలు కొన్ని కట్టుబాట్లు పాటించాలి. ప్రశ్నలు రాసిన ఉపాధ్యాయుడు ఏ జట్టుకూ తర్ఫీదు ఇవ్వకూడదు. ఆయన పిల్లలు పోటీలో వుండకూడదు. ప్రశ్నల కవరుకు లక్కముద్ర వేసి, జట్టు నాయకుల ఎదుటనే విప్పాలి. ఉదయం అరకులో అడిగిన ప్రశ్నను మధ్యాహ్నం పాడేరులో అడగరాదు. బస్సు కన్న సెల్‌ఫోను ముందు చేరుతుంది కదా! అనుమానం వస్తే మార్చడానికి మరొక ప్రశ్నల కట్ట సిద్ధంగా వుండాలి. మన కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా ఇంటిభాషగా గల పిల్లలున్నారు. వారికోసం ప్రతి ప్రశ్ననూ నిదానంగా రెండుసార్లు చదవాలి. ఇదీ న్యాయమే.

తల్లిదండ్రులారా! తెలిసిన మాష్టారిని "ఏం అడుగుతారు?" అని ఆరా తీయకండి. మీరు అలా అడగడం పిల్లలు వింటారు.

ఎన్ని తాళాలు వేసినా చివరకు కొంత పిల్లల చేతిలోనే వుంటుంది. 1983లో వాషింగ్టన్‌లో అక్షరక్రమం పోటీ జరిగింది. 13 ఏళ్ళ కుర్రవాడు "ఎకోలేలియా" అనే మాటకు తప్పు అక్షరం చెప్పాడు. న్యాయనిర్ణేతలు సరిగ్గా వినక, ఒప్పు అన్నారు. అతడు తానే వారివద్దకు వెళ్ళి, తాను చెప్పింది తప్పని చెప్పి, పోటీనుంచి తప్పుకున్నాడు. ఆ అక్షరం సంగతి ఎరిగినవాడు అతడొక్కడే. కప్పు రాలేదు గాని, ఆ మాట దేశమంతా చెప్పుకున్నారు.