ఇంజిన్ వేడిని చూపిన మీటరు కథ

పెట్రోలు మండిన క్షణంలో సిలిండర్ లోపలి వాయువుల వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ మంటను మోసే సిలిండర్ హెడ్, పిస్టన్ మాత్రం అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిపోవాల్సిన లోహం ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా పనిచేస్తోందంటే కారణాలు రెండు. మంట సెకనులో చిన్న భాగమే ఉంటుంది, ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి లాగేసే ఏర్పాటు నిరంతరం నడుస్తుంటుంది. పెట్రోలులోని శక్తిలో మూడో వంతుకు మించి చక్రానికి చేరదు. మిగిలినదంతా వేడే. కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత ఇంజిన్ ఒంట్లోకి ఎక్కుతుంది. ఒంట్లోకి ఎక్కినదాన్ని బయటికి పంపడం ఒక పని. సరిగా పోతోందో లేదో నడిపేవాడికి తెలియజెప్పడం రెండో పని. మొదటి దాని గురించి అందరూ మాట్లాడతారు. ఈ వ్యాసం రెండో దాని గురించి.

గాలి చాలని చోట నీరు

మన రోడ్ల మీద తిరిగే 100 సీసీ బండ్లలో ఎక్కువ వాటికి రేడియేటర్ ఉండదు. సిలిండర్ చుట్టూ పలకలు పలకలుగా కనిపించే రెక్కలే దాన్ని చల్లబరుస్తాయి. బండి కదులుతుంటే గాలి ఆ రెక్కల మధ్య నుంచి దూసుకుపోతూ వేడిని పట్టుకుపోతుంది. చిన్న ఇంజిన్‌కు ఇది చాలు. ఇంజిన్ పెద్దదై, కుదింపు పెరిగి, నిమిషానికి పదివేల చుట్లు తిరగడం మొదలుపెడితే గాలి ఒక్కటే సరిపోదు.

ఈ సంగతి మోటార్ సైకిల్ పుట్టినప్పుడే తెలుసు. 1894లో జర్మనీలోని మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ పేర్లతో వచ్చిన బండి ఫ్యాక్టరీలో వరసగా తయారైన తొలి మోటార్ సైకిల్. దాని 1489 సీసీ ఇంజిన్‌ను నీళ్లతోనే చల్లబరిచారు. వెనక చక్రం మీది మడ్‌గార్డే నీళ్ల ట్యాంకు. 1908లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ తన టూ స్ట్రోక్ బండికి నీటి చల్లదనం ఇచ్చాడు. అందులో నీళ్లను తిప్పే పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, రేడియేటర్‌లో చల్లారిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. ఆ కదలికే పంపు పని చేసింది. 1912లో, మళ్లీ 1913లో స్కాట్ బండ్లు ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ పందెం గెలిచాయి.

నీటితో చల్లబరిచే పద్ధతి కుదిరింది కానీ, ఆ నీరు ఎంత వేడిగా ఉందో చూపే సాధనం ఆ రోజుల్లో సర్వసాధారణం కాదు. ఆవిరి బుసకొట్టాక తెలిసేది. అప్పటికి ఆలస్యమైపోయేది.

మూత మీద కూర్చున్న థర్మామీటర్

మొదటి పరిష్కారం కార్లకు దొరికింది. 1910ల మొదట్లో అమెరికాలో బాయిస్ మోటోమీటర్ వచ్చింది. రేడియేటర్ మూతకు బిగించిన గుండ్రటి అద్దాల బిళ్ల, అందులో ఎర్రటి ద్రవం నిండిన థర్మామీటర్. డ్రైవరు సీట్లో కూర్చునే బానెట్ చివర ఎర్ర గీత ఎంత ఎత్తుకు లేచిందో చూసుకునేవాడు. పంపు లేని ఫోర్డ్ మోడల్ టీ కార్లకు దీన్ని ఎందరో కొని తగిలించుకున్నారు.

ఈ సాధనంలో గమనించాల్సిన విషయం దాని కొస ఎక్కడ ఉందన్నది. అది నీటిలో మునిగి ఉండదు. నీటికి పైన, ఆవిరి చేరే ఖాళీ చోటులోకి వేలాడుతుంది. నీరు తగ్గిపోయినా, వేడి ఆవిరి తగిలి గీత పైకి లేస్తుంది. ఎక్కడ కొలుస్తున్నామన్న దాన్ని బట్టే ఏం తెలుస్తుందన్నది ఉంటుంది. నేటి బండ్లలో ఈ ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది.

ఆ తర్వాత మీటరు డ్రైవరు కళ్లెదుటి పలక మీదికి వచ్చింది. 1849లో ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డన్ పేటెంట్ తీసుకున్న వంపు గొట్టం ఇందుకు పనికొచ్చింది. నీటిలో మునిగిన చిన్న బుడ్డిలో ఈథర్ లాంటి త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. నీరు వేడెక్కితే దాని పీడనం పెరుగుతుంది. సన్నటి రాగి గొట్టం గుండా ఆ పీడనం మీటరుకు చేరి వంపు గొట్టాన్ని కాస్త సాగదీస్తుంది, దానితో ముల్లు కదులుతుంది. కరెంటు అక్కర్లేదు. అయితే ఆ సన్న గొట్టం ఎక్కడైనా నలిగితే మీటరు పని అయిపోయినట్టే. అదిరే, వంగే, హ్యాండిల్ తిరిగే మోటార్ సైకిల్‌కు అది కష్టమైన పొత్తు.

ముల్లు బండెక్కింది

1971లో జపాన్‌కు చెందిన సుజుకి జీటీ750 మార్కెట్లోకి వచ్చింది. 738 సీసీ టూ స్ట్రోక్, అడ్డంగా పక్కపక్కన మూడు సిలిండర్లు. ఇలాంటి ఇంజిన్‌లో మధ్య సిలిండర్‌కు గాలి సరిగా తగలదు. పక్క రెండూ చల్లగా ఉన్నా అది కాలుతుంటుంది. సుజుకి దానికి నీటి జాకెట్ తొడిగింది, స్పీడు మీటరు సరసన వేడి చూపే ముల్లునూ పెట్టింది. అమెరికన్లు ఆ బండిని నీటి గేదె అన్నారు, బ్రిటిషర్లు కెటిల్ అన్నారు. 1975లో హోండా గోల్డ్ వింగ్ జీఎల్1000 నాలుగు సిలిండర్లతో, రేడియేటర్‌తో వచ్చింది. దాని మీటర్లలోనూ వేడి ముల్లు ఉంది. 

మన దగ్గర ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. 2008లో యమహా ఆర్15 రాకతో కాలేజీ కుర్రాడి 150 సీసీ బండికీ రేడియేటర్ వచ్చింది. తర్వాత హోండా సీబీఆర్250ఆర్, పల్సర్ 200ఎన్ఎస్, కేటీఎమ్ డ్యూక్‌లు వరసకట్టాయి. దశాబ్దాల పాటు గాలి చల్లదనాన్నే నమ్ముకున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2023లో హిమాలయన్ 450తో తన తొలి లిక్విడ్ కూల్డ్ ఇంజిన్‌ను తెచ్చింది.

ఇత్తడి బోల్టులో ఉన్న తెలివి

ఈ బండ్లలో వేడిని పసిగట్టేది వేలెడంత ఉండే ఇత్తడి బోల్టు లాంటి ముక్క. ఇంజిన్ హెడ్ దగ్గర, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఇంజిన్ నుంచి బయటికి వచ్చే దారిలో దాన్ని బిగిస్తారు. కొస కూలెంట్‌లో మునిగి ఉంటుంది. వెనక ప్లాస్టిక్ ప్లగ్, రెండు వైర్లు. కొస లోపల మాంగనీస్, నికెల్ వంటి లోహాల ఆక్సైడ్లతో చేసిన కందిగింజంత పూస ఉంటుంది. దాని పేరు థర్మిస్టర్.

మామూలు లోహపు తీగ వేడెక్కితే కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది. ఈ పూస అందుకు విరుద్ధం. వేడెక్కే కొద్దీ అడ్డు తగ్గిస్తుంది. ఇలాంటి గుణం సిల్వర్ సల్ఫైడ్‌కు ఉందని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. దాన్ని 1930లో పనికొచ్చే పరికరంగా మలిచింది అమెరికాకు చెందిన శామ్యూల్ రూబెన్.

లెక్క చూద్దాం. చాలా బండ్లలో వాడే రకం పూసకు 20 డిగ్రీల దగ్గర నిరోధం దాదాపు 2500 ఓములు. 80 డిగ్రీలకు అది 300 ఓముల దగ్గరికి పడిపోతుంది. బండి కంప్యూటర్, అంటే ఈసీయూ, 5 వోల్టులను 2500 ఓముల స్థిర నిరోధం గుండా దీనికి పంపుతుందనుకోండి. చల్లగా ఉన్నప్పుడు పూస దగ్గర 2.5 వోల్టులు కనిపిస్తాయి. 80 డిగ్రీలకు అవి అర వోల్టుకు దిగుతాయి. ఈసీయూకు కావాల్సింది ఈ వోల్టేజీ ఒక్కటే. దాన్ని పట్టికతో పోల్చి డిగ్రీలుగా మార్చుకుంటుంది.

వైరు తెగితే పూర్తిగా 5 వోల్టులు కనిపిస్తాయి, అంటే ధ్రువ ప్రాంతం కంటే చలి. రెండు వైర్లు తాకితే సున్నా, అంటే నమ్మలేనంత వేడి. రెండూ అసాధ్యమని ఈసీయూకు తెలుసు. లోపం దీపం వెలిగించి, లోపల రాసిపెట్టిన ఒక అంకెను అసలు వేడిగా భావించి బండిని ఇంటికి చేరుస్తుంది.

ఇక్కడే ఈ మీటరు జీవితంలో పెద్ద మలుపు వచ్చింది. ఒకప్పుడు అది నడిపేవాడి కోసమే ఉండేది. ఇప్పుడు దాన్ని ముందు చదివేది ఈసీయూ. చలి ఉదయం పెట్రోలు కాస్త ఎక్కువ పోయాలా, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలా, ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలా అన్న నిర్ణయాలన్నీ ఆ వోల్టేజీ చూసే జరుగుతాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక రేడియేటర్ లేని చిన్న బండ్లకూ ఏదో ఒక రూపంలో ఇంజిన్ వేడి సెన్సర్ అవసరమైంది. మన కంటికి చేరేది దాని చదువులో మిగిలిన భాగమే. కొన్ని బండ్లలో డిగ్రీల అంకె, కొన్నింటిలో గళ్లు, కొన్నింటిలో ఒక్క ఎర్ర దీపం.

అంకెను చదవడం

రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది కూలెంట్‌కూ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 దగ్గర ఉండి గాలి 20 ఉంటే తేడా 75. గాలి 45 ఉంటే తేడా 50 మాత్రమే. అదే రేడియేటర్, అదే గాలి వేగం, వదిలే వేడి మూడింట రెండు వంతులకు పడిపోయింది. ఆపైన సిగ్నల్ దగ్గర ఆగితే వీచే గాలి కూడా ఉండదు. అందుకే హైదరాబాద్ ట్రాఫిక్‌లో అంకె 100 దాటడం, ఫ్యాన్ హోరుమనడం, మళ్లీ 95 దగ్గరికి దిగడం మామూలు సంగతి. కంగారు పడక్కర్లేదు.

100 దాటినా మరగదా అన్న అనుమానం రావచ్చు. రేడియేటర్ మూత మామూలు మూత కాదు, స్ప్రింగ్‌తో ఒత్తిడిని ఆపే కవాటం. బయటి గాలి కంటే 1.1 బార్ ఎక్కువ ఒత్తిడిని అది లోపల నిలిపితే, ఉత్త నీరు కూడా 120 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ సగం కలిసిన కూలెంట్‌కు ఆ హద్దు ఇంకా పైన. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, 110 డిగ్రీల ద్రవం ఆ క్షణమే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చేతులు, ముఖాలు కాలేది ఇలాగే.

అంకె ఆగకుండా ఎక్కుతూ 115 దాటుతుంటే అది ప్రమాదం. ఫ్యాన్ తిరగకపోవచ్చు. మైనపు థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. దాని లోపలి మైనం నిర్ణీత వేడికి కరిగి ఉబ్బి దారి తెరవాలి, తెరవకపోతే కూలెంట్ రేడియేటర్‌కు చేరదు. రేడియేటర్ పలకలు బురదతో మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లలో లోపల సున్నపు పొర పేరుకుని వేడి దాటకుండా అడ్డుపడుతుంది. ఇలా నడిపితే హెడ్ వంకర పోతుంది, హెడ్ గాస్కెట్ కాలుతుంది, చివరకు పిస్టన్ పట్టేస్తుంది.

మరో ప్రమాదం అంకె ఎక్కకుండా వచ్చేది. ఇక్కడే మోటోమీటర్ కొసను గుర్తు చేసుకోవాలి. నేటి సెన్సర్ ద్రవంలో మునిగి ఉండాలి. పైపు పగిలి కూలెంట్ అంతా కారిపోతే కొస గాలిలో వేలాడుతుంది. గాలి వేడిని నెమ్మదిగా చేరుస్తుంది. ఇంజిన్ లోపల మండిపోతున్నా మీటరు ప్రశాంతంగా 80 చూపవచ్చు, ఉన్నట్టుండి కిందికి పడిపోనూ వచ్చు. మీటరు చూపేది ఇంజిన్ వేడి కాదు, తనను తాకుతున్న దాని వేడి. ఎండలో, ఎక్కుడు దారిలో అంకె ఉన్నట్టుండి తగ్గిందంటే సంతోషించకండి, బండి ఆపండి.

ఇన్నేళ్ల ఈ కథ నుంచి నడిపేవాడు తీసుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు, కానీ తప్పకుండా తీసుకోవాల్సిందే. మీ బండి ఖాళీ రోడ్డు మీద ఎంత చూపుతుందో, ట్రాఫిక్‌లో ఎంత దాకా ఎక్కి ఎక్కడ దిగుతుందో తెలుసుకోండి. ఎర్ర దీపం మాత్రమే ఉన్న బండి అయితే, అది వెలిగేసరికే చాలా దూరం వచ్చేశామని గుర్తుంచుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ డబ్బా మీద పై గీతకూ కింది గీతకూ మధ్య కూలెంట్ ఉందో లేదో చూడండి. తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి, బోరు నీళ్లు వద్దు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టండి. దారిలో అంకె హద్దు దాటితే నీడన ఆపి, ఇంజిన్ కట్టేసి, మూత ముట్టకుండా, చన్నీళ్లు చల్లకుండా చల్లారే దాకా ఆగండి. అరగంట ఆలస్యమైతే అవుతుంది. ఇంజిన్ పట్టేస్తే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.