ఒరిజినల్స్ ఇంట్లో.. జిరాక్సులు జేబులో!

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఫైల్లో ఏం పెట్టుకుంటారు? పదో తరగతి మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా జిరాక్సులు రెండు సెట్లు. తప్పదంటే తప్ప ఒరిజినల్స్ బీరువా దాటవు. మరి నాలుగేళ్లుగా ఇష్టంగా పోగేసిన పాటల సంగతో? అన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో, అదీ బ్యాగులో ఛార్జర్ పక్కన! కోచింగ్‌కి హైదరాబాదో, జాయినింగ్‌కి బెంగళూరో బస్సెక్కుతారు. పై బెర్తు మీంచి ఆ బ్యాగు జారిపడితే పోయేది పాటలొక్కటే కాదు. ఫైనలియర్ ప్రాజెక్టు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఫేర్‌వెల్ ఫొటోలు.. చాలామందికి అన్నీ ఆ డిస్క్‌లోనే.

ముఖ్యంగా లాస్‌లెస్ ఫైళ్లు దాచుకునేవారికి ఇది పెద్ద చిక్కు. ఎందుకో చిన్న లెక్క చూద్దాం. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు. ఐదు నిమిషాల పాట దాదాపు 53 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ ఫార్మాట్ దాన్ని జిప్ ఫైల్ మాదిరి ఒక్క బిట్టూ పోకుండా కుదించి 30 ఎంబీకి అటూ ఇటూగా తెస్తుంది. అదే పాట 320 కేబీపీఎస్ ఎంపీ3లో 12 ఎంబీ. ఎంపీ3 చెవి పట్టించుకోదనుకున్న భాగాన్ని పారేస్తుంది. పారేసింది మళ్లీ రాదు. ఎంపీ3 నుంచి ఇంకో ఫార్మాట్‌కి మార్చడమంటే జిరాక్సుకి జిరాక్స్ తీయడమే.

మీ దగ్గర పదివేల పాటలున్నాయనుకోండి. ఫ్లాక్‌లో 300 జీబీ. వాటినే 128 కేబీపీఎస్ ఓపస్‌లోకి మార్చితే 48 జీబీ. అంటే 64 జీబీ కార్డులో సరిపోతాయి. ‘అలా మార్చితే క్వాలిటీ పోదా?’ అంటారేమో. నిజం చెప్పుకుందాం.. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని, కిటికీ పక్కన హారన్ల మధ్య వినేవారికి ఆ తేడా తెలియడం కష్టం. ఎస్‌బీసీ అయినా, ఏఏసీ అయినా, 990 కేబీపీఎస్ దాకా వెళ్లే ఎల్‌డీఏసీ అయినా బ్లూటూత్‌లో పాట మళ్లీ కుదింపుకి గురవుతుంది. ఫోన్‌లో ఫ్లాక్ పెట్టుకున్నా చెవి దాకా వచ్చేది ఫ్లాక్ కాదు. కాబట్టి లాస్‌లెస్ అనేది వెంట తిప్పడానికి కాదు, దాచుకోవడానికి. రేపు ఏ కొత్త ఫార్మాట్ వచ్చినా దాన్నుంచి తాజా కాపీ తీసుకోవచ్చు.

రాత్రికి రాత్రి అవదు

బస్సు పదింటికైతే ఎనిమిదింటికి కాపీ మొదలుపెట్టేవారే ఎక్కువ! పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకి 30 ఎంబీ వస్తే గొప్ప. 300 జీబీకి రెండు గంటల ముప్పావు పడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టు, మంచి హార్డ్‌డిస్క్ అయితే గంటలోపే. ‘క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా?’ అనుకుంటే, రోజుకి 2 జీబీ డేటా ప్యాక్ మీద మొత్తం ఎక్కించడానికి 150 రోజులు. సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రాజెక్టు కోడ్ మాత్రం ఇవాళే ఎక్కించెయ్యండి. అవి కొన్ని ఎంబీలే.

అందుకే రెండు డిస్కులు. ఒకటి మీతో, ఒకటి ఇంట్లో. బ్యాకప్ చేసేవాళ్లు ‘3-2-1’ అంటారు.. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. స్టూడెంట్ బడ్జెట్‌కి మూడోది కష్టమే కానీ, రెండు లేకపోతే అది కలెక్షన్ కాదు, జూదం. ఒక జాగ్రత్త: రెండు ఫోల్డర్లనూ అద్దంలా ఒకేలా ఉంచే ‘మిర్రర్’ ఆప్షన్‌ని బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

మార్కెట్లో కారుచౌకగా దొరికే మెమరీ కార్డులతోనూ జాగ్రత్త. పైన 512 జీబీ అని రాసి, లోపల 32 మాత్రమే ఉండేవి ఉన్నాయి. నిండేదాకా అన్నీ కాపీ అయినట్టే కనిపిస్తాయి, తర్వాత వేసినవి తెరుచుకోవు. కొత్త కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత టూల్‌తో పూర్తిగా రాయించి, తిరిగి చదివించి చూడండి.

బిట్టు మారితే తెలిసేదెలా?

ఫైలు పేరు అలాగే ఉంటుంది, సైజూ అంతే ఉంటుంది, లోపల కొన్ని బిట్లు చెడిపోయి ఉంటాయి. పాట మధ్యలో ‘టిక్’మన్నాకే తెలుస్తుంది. ఆలోపు ఆ చెడిన ఫైలునే బ్యాకప్ మీద కాపీ చేసి ఉంటే, మంచిదీ పోయినట్టే. ఫ్లాక్‌లో దీనికో ఏర్పాటుంది. అసలు ఆడియోకి సంబంధించిన ఎండీ5 అనే గుర్తు ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రామ్‌లో ‘టెస్ట్’ నడిపితే పాటను విప్పి, ఆ గుర్తుతో సరిపోల్చి చెడిందో లేదో చెప్పేస్తుంది. మామూలు ఎంపీ3కి ఈ సౌకర్యం లేదు.

ఈ గుర్తుకీ ఓ పరిమితి ఉంది. ఎవరో ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి ఇస్తే టెస్ట్ హాయిగా పాసవుతుంది! సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం రాదు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో గ్రాఫ్ చూడండి. 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి వచ్చినదైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అలాగని పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి తీసిన పాటల్ని చూసి తొందరపడకండి. వాటిలో ఆ పై భాగం సహజంగానే పలచగా ఉంటుంది.

ఇక పేర్ల గోల వేరు. ఘంటసాల గారినే ఒక ఫోల్డర్లో ‘హెచ్’తో, ఇంకోచోట ‘హెచ్’ లేకుండా, మరోచోట పూర్తి పేరుతో రాసుకుంటాం. ప్లేయర్ దృష్టిలో వాళ్లు ముగ్గురు! ఫ్లాక్ ట్యాగుల్లో తెలుగు లిపి చక్కగా రాసుకోవచ్చు, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్‌తో గుత్తగా మార్చుకోవచ్చు. కారు స్టీరియోల్లో కొన్ని మాత్రం తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తాయి. అందుకే నా సలహా.. ట్యాగులు తెలుగులో, ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒకే స్పెల్లింగ్‌తో.

హాబీ అడిగితే..

రెజ్యూమెలో ‘పాటలు వినడం’ అని రాయని ఫ్రెషర్ అరుదు. ప్యానెల్ దాన్ని దాటేసి వెళ్లిపోతుంది. దాని బదులు ‘పదివేల పాటల లాస్‌లెస్ కలెక్షన్ నిర్వహణ, ఫైళ్ల సమగ్రత తనిఖీకి సొంత పైథాన్ స్క్రిప్ట్’ అని రాసి చూడండి. ప్రశ్న వస్తుంది. ఫోల్డర్లోని ప్రతి ఫైలుకీ హ్యాష్‌లిబ్‌తో షా-256 తీసి జాబితాగా రాయడం, నెల తర్వాత మళ్లీ తీసి తేడాలు చూపించడం.. యాభై లైన్లలోపు పని. బ్యాకప్, స్టోరేజ్, సిస్టమ్ సపోర్ట్ ఉద్యోగాల్లో డేటా చెడిందో లేదో తేల్చే పద్ధతీ మౌలికంగా ఇదే. సౌండ్ ఆర్కైవ్‌ల వైపు ఆసక్తి ఉంటే ఐఏఎస్ఏ మార్గదర్శకాలు చదవండి. పాత టేపుల్ని కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో డిజిటైజ్ చేయమని అవి సూచిస్తాయి.

అయితే ‘ఈ పాటలు ఎక్కడివి?’ అనే ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. అక్కడ నీళ్లు నమిలితే మొత్తం కథ తిరగబడుతుంది. నాన్న కొన్న సీడీల నుంచి మీరే రిప్ చేసినవి, డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకున్నవి మాత్రమే ఆ లెక్కలో చూపించండి. గిట్‌హబ్‌లో స్క్రిప్ట్ పెట్టండి, పాటలు పెట్టకండి.

బస్సెక్కే ముందు ఇంట్లో ఉంచే డిస్క్ మీద తారీఖు రాసి, గుడ్డలో చుట్టి, సర్టిఫికెట్ల ఫైలు పక్కనే పెట్టండి. పండక్కి ఇంటికొచ్చినప్పుడు దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, టెస్ట్ నడిపించి, భోజనానికి వెళ్లండి. తిని వచ్చేసరికి సగమైనా అవుతుంది.